చెవి కొరికినవాడి సాక్ష్యం

అనగనగా ఒక అడవి. ఏ అడవి, ఎక్కడుంది అని మాత్రం అడక్కండర్రా. పేరు చెబితే అక్కడి రాజుగారికి కోపం వస్తుంది. ఆయనకి కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు, చిన్న నిజం చాలు.

ఆ అడవి చివర ఒక ఏరు. ఏటికి అవతల ఇంకో అడవి. ఏటి మధ్యలో చిన్న లంక. లంకంటే తెలుసుగా, నీళ్ళ మధ్య మేటవేసిన నేల. దానిమీద నాలుగు నేరేడు చెట్లు. అంతే. ఆ నాలుగు చెట్ల కోసం వెనకటికి ఇవతలి జంతువులకీ అవతలి జంతువులకీ పెద్ద యుద్ధం జరిగింది. ఎవరు గెలిచారంటారా? ఇవతలివాళ్ళని అడిగితే ఇవతలివాళ్ళే గెలిచారు. అవతలివాళ్ళని అడిగితే అవతలివాళ్ళే గెలిచారు. నేరేడు పళ్ళు మాత్రం చిలకలు తిన్నాయి.

ఆ యుద్ధానికి వెళ్ళొచ్చినవాళ్ళలో కోరయ్య అని ఒక అడవిపంది ఉండేవాడు. ఇప్పుడు బాగా ముసలివాడయ్యాడు. ఆయనకి ఎడమ చెవి సగం లేదు. యుద్ధంలో ఒక ఎలుగుబంటి దాన్ని కొరికేశాడు. ఇది నిజం. దీని తర్వాత కోరయ్య చెప్పిన మాటలు మాత్రం కాస్త చూసుకుని నమ్మండి.

ఏటా ఏటి ఒడ్డున గెలుపు పండగ చేసేవారు. ఆ రోజు పాత సైనికులంతా ఒకరి తర్వాత ఒకరు అక్కడున్న పెద్ద బండ ఎక్కాలి. తమ గాయం చూపించి, అదెలా తగిలిందో చెప్పాలి. అది వాళ్ళ ఆచారం. మొదటి ఏడు కోరయ్య బండెక్కి, "ఎలుగు కొరికాడు" అని చెప్పి దిగిపోయాడు. ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు. రెండో ఏడు, "ఎలుగు కొరికాడు, నేనూ ఒక పోటు పొడిచాను" అన్నాడు. కాసిని చప్పట్లు పడ్డాయి. మూడో ఏడు, "నా ఒక్క పోటుకే ఎలుగు చచ్చాడు" అన్నాడు. ఇంక చూడండి, అడవి దద్దరిల్లిపోయింది! రాజుగారి పక్కన కూర్చోబెట్టి, బుట్టెడు దుంపలు చేతిలో పెట్టారు.

ఇక ఆగుతాడా? చెప్పేవాడికి వినేవాడు లోకువ. నాలుగో ఏటికి ఎలుగులు ఇద్దరయ్యారు. పదో ఏటికి ముగ్గురు ఎలుగులు, పైన కొసరుగా ఒక చిరుత. "ఉన్నది ఒక్క చెవే కదా తాతా, ఇంతమంది ఎక్కడ కొరికారు?" అని ఒక కుందేలు పిల్ల అడిగింది. వాళ్ళమ్మ గబుక్కున దాని నోరు మూసేసింది.

ఈ మాటలన్నీ గుమస్తా సూదయ్య తాటాకుల మీద రాసేవాడు. ఈయన ముళ్ళపంది. ఒంటినిండా కలాలే కాబట్టి ఆ ఉద్యోగం ఆయనకే ఇచ్చారు. వెనకనుంచి ఒక ముల్లు పీక్కోవడం, బరబరా గీకెయ్యడం. ఎంత అబద్ధం చెప్పినా అక్షరం పొల్లుపోకుండా రాసేవాడు. రాసింది మాత్రం బ్రహ్మదేవుడు దిగొచ్చి అడిగినా మార్చేవాడు కాదు.

యుద్ధం నాటి రాజు కాలం చేశాడు. ఇప్పుడు ఆయన కొడుకు గర్జనరాయుడనే పులి రాజు. ఈయన యుద్ధం అయిపోయాక పుట్టాడు. అయినా యుద్ధం గురించి మొదలెట్టాడంటే, పెళ్ళిలో వంటలు దగ్గరుండి చేయించినవాడిలా చెప్పేవాడు. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు ఎవర్ని ఎలా చంపారు, అన్నీ నోటికి వచ్చు. ఆ చేత్తో ఒక పని చేసిన జాడ మాత్రం లేదు.

ఆ ఏడు వానలు సరిగ్గా పడలేదు. అడవి మధ్యలో ఉన్న చెరువు పూడిపోయి మోకాలిలోతు బురదయింది. ఏటికెళ్ళి తాగొద్దామంటే పూట నడక. పిల్లలూ ముసలాళ్ళూ అంత దూరం నడవలేరు. జింకలు వెళ్ళి రాజుని అడిగాయి.

"ప్రభూ, చెరువు పూడిక తీయించండి."

"తీయిద్దాం, తీయిద్దాం. దానికంటే ముందు మన పెద్దల పరాక్రమం గురించి ఒక్క మాట," అని రాజు పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా మాట్లాడాడు.

పది రోజులు పోయాక దున్నలు వెళ్ళాయి. "చెరువెక్కడికి పోతుందయ్యా? అవతలివాళ్ళు మన లంకకేసి ఎంత ఓరగా చూస్తున్నారో గమనించారా?" అన్నాడు రాజు. దున్నలు ఏటి దాకా వెళ్ళి లంకకేసి చూశాయి. అక్కడ చిలకలు తప్ప ఎవరూ లేరు.

మూడోసారి అందరూ కలిసి వెళ్ళారు. "ప్రభూ, దాహం!" అన్నారు.

రాజు లేచి నిలబడి, మీసం దువ్వి, "యుద్ధం!" అని గర్జించాడు.

దాహానికి యుద్ధం మందేమిటని ఒక్క జంతువైనా అడగొద్దూ? అడగలేదు. అడగాల్సినచోట చప్పట్లు కొట్టారు. ఇదొక పాడు జబ్బు, ఏ అడవిలోనూ తగ్గదు.

పున్నమి నాటికి యుద్ధం, ఇంటికొకరు సైన్యంలో చేరాలి అని చాటింపు వేశారు. కోరయ్య ఇంట్లో ఉన్నదే ఇద్దరు. తనూ, మనవరాలు చారమ్మా. చారమ్మ గుప్పెడంత ఉన్నప్పుడే తల్లీ తండ్రీ వరదలో కొట్టుకుపోయారు. తాతే దుంపలు నమిలి పెట్టి పెంచాడు. ఆ పిల్ల ఒంటిమీద పిల్లప్పటి చారలు చెరిగిపోయి ఇప్పుడిప్పుడే పెద్దదైంది.

సూదయ్య గుమ్మంలో నిలబడి ఆకు చదివాడు. "కోరయ్యగారి ఇంటి నుంచి చారమ్మ. మొదటి వరస."

"మొదటి వరసేమిటయ్యా? పసిపిల్ల!" అన్నాడు కోరయ్య.

"ముగ్గురు ఎలుగుల్ని చంపిన వీరుడి మనవరాలు వెనక వరసలో ఉంటే ఏం బాగుంటుందని రాజుగారి అభిప్రాయం," అన్నాడు సూదయ్య.

చారమ్మ ఎగిరి గంతేసింది. "తాతా! నువ్వు ముగ్గుర్ని చంపావుగా, నేను కనీసం ఇద్దర్నైనా చంపి చూపిస్తా!"

కోరయ్య తింటున్న దుంప పక్కన పెట్టేశాడు. ఆ పిల్ల తప్ప ఆయనకి ఈ లోకంలో నా అన్నవాళ్ళు లేరు. మొదటి వరసంటే ఏమిటో ఆయనకి బాగా తెలుసు. మొదటి వరసలో వెళ్ళినవాళ్ళలో ఒక్కరు కూడా తర్వాత బండెక్కి గాయం చూపించలేదు. చూపించడానికి వాళ్ళు తిరిగొస్తే కదా!

మధ్యాహ్నం పూట పాత సైనికులు రేగుచెట్ల నీడలో కూర్చునేవారు. తోక తెగిన తోడేలు తుమ్మన్న, ఒంటికొమ్ము దున్న మల్లుదొర. కోరయ్య కాళ్ళీడ్చుకుంటూ వాళ్ళ దగ్గరికి పోయాడు. వాళ్ళు అప్పటికే రాజకీయాల్లో ఉన్నారు.

"మన కాలంలో రాజంటే రాజురా. యుద్ధంలో ముందు నడిచాడు," అన్నాడు తుమ్మన్న.

"ఎక్కడ నడిచాడు, నీ మొహం! జలుబు చేసిందని మూడు రోజులూ గుహలోంచి బయటికి రాలేదు," అన్నాడు మల్లుదొర.

"జలుబన్నా చేసింది కదా. వీడికి అదీ లేదు. నిక్షేపంలా ఉండి మన పిల్లల్ని పంపిస్తున్నాడు."

"ఒరే," అన్నాడు కోరయ్య, "నిజం చెప్పండి. ఆ యుద్ధంలో మీకేం గుర్తుంది?"

మల్లుదొర చాలాసేపు నెమరేశాడు. "వాన గుర్తుంది. ఆకలి గుర్తుంది. అమ్మా అమ్మా అని అరుస్తూ ఒక దుప్పి బురదలో పడి ఉన్నాడు. మనవాడో వాళ్ళవాడో తెలీలేదు. ఇప్పటికీ తెలీదు."

"మరి బండెక్కి అది చెప్పవేంరా?"

"చెబితే దుంపలిస్తారా?" అన్నాడు మల్లుదొర.

తర్వాత కోరయ్య తన గోడు చెప్పుకున్నాడు. ఆ పిల్ల పోతే తను బతకలేనన్నాడు. చెప్తూ చెప్తూ ఏడ్చేశాడు కూడా.

"దానికి పాత రాజు పెట్టిన చట్టం ఉంది కదరా. ఒకసారి గాయపడ్డ ఇంటినుంచి ఇంకొకర్ని యుద్ధానికి అడక్కూడదు," అన్నాడు తుమ్మన్న.

"ఉంటే మరి మీ ఇద్దరి మనవల్ని ఎందుకు పంపిస్తున్నారు?"

తుమ్మన్న లేని తోకని కాళ్ళ మధ్య దాచుకోబోయాడు. "నువ్వెళ్ళి సూదయ్యని అడుగు. నీకే తెలుస్తుంది."

కోరయ్య ఆ కాళ్ళతోనే సూదయ్య దగ్గరికి పోయాడు.

"చట్టం ఉన్నమాట నిజమేనండీ," అన్నాడు సూదయ్య. "కాకపోతే గాయం చేసినవాడు స్వయంగా వచ్చి, బండ దగ్గర అందరి ముందూ, 'అవును, ఈ గాయం నేనే చేశాను' అని ఒప్పుకోవాలి."

"ఇదెక్కడి చోద్యమయ్యా! శత్రువు వచ్చి సాక్ష్యం చెబుతాడా?"

"ఏం చేయమంటారు చెప్పండి. చట్టం పెట్టిన రోజే ఒక కోతి వచ్చి, తన ఎర్రటి వెనకభాగం చూపించి, యుద్ధంలో కాలిందన్నాడు. మర్నాడు వాడి చుట్టపక్కాలంతా వరసకట్టారు. వాళ్ళ పుణ్యమా అని ఈ నియమం వచ్చింది."

కోరయ్య పళ్ళు కొరికాడు. "సరే. నా చెవి కొరికినవాణ్ని నేనే వెతికి తీసుకొస్తా."

సూదయ్య తాటాకులు తిరగేశాడు. "తేలేరండీ. ఆయన చనిపోయారు."

"ఎవడు చెప్పాడు?"

"తమరే. పద్దెనిమిదిసార్లు చెప్పారు. ఇదిగో, ఒకచోట 'వాడి పేగులు మెళ్ళో వేసుకున్నాను' అని కూడా ఉంది."

కోరయ్యకి కాళ్ళకింద నేల కదిలింది. "సూదయ్యా, నీకు దండం పెడతాను, అది కొట్టెయ్యవయ్యా," అన్నాడు.

"రాసింది కొట్టెయ్యడం నాకు చేతకాదండీ. కానీ చచ్చినవాడు వచ్చి ఒప్పుకోకూడదని చట్టంలో ఎక్కడా లేదు. తీసుకురాగలిగితే తీసుకురండి," అని సూదయ్య కలం తీసి చెవి వెనక పెట్టుకున్నాడు. అక్కడ అప్పటికే ఇరవై ముళ్ళున్నాయి.

మర్నాడు తెల్లారగానే కోరయ్య బయల్దేరాడు. పూటంతా నడిచి, ఏట్లో దిగి, లంక దగ్గర ఆయాసం తీర్చుకుని, పడుతూ లేస్తూ అవతలి ఒడ్డెక్కాడు. అక్కడ ఒక రాతిమీద ముసలి ఎలుగుబంటి ఒకడు కూర్చుని వీపు గోక్కుంటున్నాడు. పేరు గుబురయ్య. కుడికన్ను లేదు.

"ఎవర్రా అది?" అన్నాడు గుబురయ్య.

"ఏటి అవతల నుంచి పనిమీద వచ్చాను. యుద్ధంలో నా చెవి కొరికినవాడి కోసం వెతుకుతున్నా," అన్నాడు కోరయ్య.

గుబురయ్య దగ్గరికొచ్చి ఆ సగం చెవిని వాసన చూశాడు. ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేశాడు.

"వాన రోజు! చెట్టు తొర్ర! నువ్వా?"

"నేనే."

"నువ్వు చచ్చావు కదరా!"

"నేను చచ్చానని నీకెవడు చెప్పాడు?"

"నేనే చెప్పా. ఇరవై ఏళ్ళుగా చెబుతున్నా. నిన్ను నిలువునా చీల్చి ఏట్లో పారేశాను కదా!"

"సిగ్గులేదూ నీకు, అన్నేసి అబద్ధాలు చెప్పడానికి? నిన్ను ఒక్క పోటుతో చంపినవాణ్ని నేను!" అన్నాడు కోరయ్య.

చచ్చినవాళ్ళిద్దరూ ఒకర్నొకరు ఎగాదిగా చూసుకున్నారు. ముందు కోపం వచ్చింది. తర్వాత గుబురయ్య బొజ్జ కదిలింది. ఆ తర్వాత ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వి నవ్వి గుబురయ్యకి దగ్గు తెర పట్టుకుంటే, కోరయ్య ముట్టెతో వీపు రుద్దాడు.

అసలు జరిగిందేమిటంటే, పిల్లలూ, యుద్ధం జోరుగా సాగుతుంటే గుబురయ్య భయపడి ఒక చెట్టుతొర్రలో దూరాడు. కాసేపటికి కోరయ్య కూడా భయపడి అదే తొర్రలో దూరాడు. లోపల చీకటి. కోరయ్య తల వెళ్ళి గుబురయ్య మొహానికి కొట్టుకుంది. గుబురయ్య హడలిపోయి నోటికి అందింది కొరికాడు. కోరయ్య హడలిపోయి కళ్ళు మూసుకుని కోర విసిరాడు. ఒకరికి చెవి పోయింది, ఒకరికి కన్ను పోయింది. ఇద్దరూ చెరోవైపు పరుగు లంకించుకున్నారు.

"నువ్వే ముందు పారిపోయావు," అన్నాడు గుబురయ్య.

"ఆ మాటే వద్దు, నువ్వే ముందు," అన్నాడు కోరయ్య.

దీని మీద పొద్దు వాలేదాకా వాదించుకున్నారు. నిజానికి ఆ ఇద్దరి మధ్యా పద్ధతిగా జరిగిన యుద్ధం ఇదొక్కటే.

కోపం చల్లారాక కోరయ్య వచ్చిన పని చెప్పాడు. గుబురయ్య మొహం వాడిపోయింది. "మా మనవడు గడ్డంగాడు కూడా మొదటి వరసేరా. పందుల్ని చీల్చినవాడి మనవడని ఏరి మరీ పెట్టారు. మాకీ ఏడు ఇప్పచెట్లు పూయలేదు. తిండి సంగతేమిటని అడిగితే మా రాజు కూడా లంక మనదే అన్నాడు."

"మీ దగ్గర గాయాల చట్టం లేదా?"

"ఉంది. మా కోతులు మాత్రం తక్కువ తిన్నాయా? సాక్షి కావాలన్న నియమం కూడా ఉంది."

"అయితే నువ్వొచ్చి మా బండ దగ్గర చెప్పు. మర్నాడు నేనొచ్చి మీ బండ దగ్గర చెబుతా."

గుబురయ్య ఒంటికన్నుతో ఆయన్ని తేరిపార చూశాడు. "నేను బతికి వచ్చి నిలబడితే నీ పరువేమవుతుందో ఆలోచించావా? ముందు నీ మనవరాలికే తెలిసిపోతుంది."

"పరువు పోతే దుంపలు పోతాయి. పిల్ల పోతే..." అని కోరయ్య ఆగిపోయాడు.

గుబురయ్య మోకాళ్ళు పట్టుకుని లేచాడు. "మావాడు నన్ను దేవుడనుకుంటాడురా. సరే, పద. దేవుడు లేకపోతే వాడేం చచ్చిపోడు, యుద్ధానికెళితే చస్తాడు," అన్నాడు.

మర్నాడే పున్నమి. పొద్దున్నే సైన్యమంతా బండ దగ్గర వరసలు కట్టింది. మొదటి వరస మధ్యలో చారమ్మ మెడ ఎత్తి నిలబడింది. రాజు బండమీద నిలబడి ఉపన్యాసంలో మూడో వంతుకి వచ్చాడు. అంతలో ఏట్లోంచి కోరయ్యా, ఆయన వెనకే గుబురయ్యా బయటికొచ్చారు. గుబురయ్య తడిసిన ఒళ్ళు గట్టిగా విదిలించాడు. ఆ నీళ్ళన్నీ రాజుగారి మీసాల మీద పడ్డాయి.

"శత్రువు! శత్రువు!" అని కేకలు లేచాయి.

"శత్రువే ప్రభూ. కానీ సాక్ష్యానికి వచ్చాడు. నా చెవి కొరికింది ఇతనే. చట్టం ప్రకారం మా చారమ్మ పేరు తీసెయ్యాలి," అన్నాడు కోరయ్య.

సూదయ్య తాటాకు తీశాడు. "పేరు?"

"గుబురయ్య."

"తమరు చనిపోయారు."

"అవునట. నాకూ ఈమధ్యే తెలిసింది," అన్నాడు గుబురయ్య.

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజుకి తల తిరిగిపోయింది. కానీ మాటకారి కదా, వెంటనే సర్దుకున్నాడు. "కోరయ్యా! నువ్వు చంపినవాడు ఏదో మాయచేసి మళ్ళీ లేచొచ్చాడు. ఏముంది? ఇంకోసారి చంపు! మన సైన్యానికి మంచి శకునం!"

"చంపు! చంపు!" అని సైన్యమంతా అరిచింది. అందరికంటే గట్టిగా చారమ్మ అరిచింది. "చంపు తాతా! నేను చూస్తా!"

గుబురయ్య కోరయ్య వెనక్కి నక్కాడు. "ఒరే, వీళ్ళు నిజంగానే అంటున్నారా?" అని గొణిగాడు.

కోరయ్య మనవరాలి మొహం చూశాడు. ఆ కళ్ళు ఎంత మెరుస్తున్నాయో! ఆ మెరుపు ఇక ఉండదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. అయినా బండెక్కాడు.

"నేను ఎవర్నీ చంపలేదమ్మా," అన్నాడు. "ముగ్గురు ఎలుగులు లేరు. చిరుత లేడు. ఉన్నది వీడొక్కడే. నాలాగే భయపడి తొర్రలో దాక్కున్నాడు. వీడు భయంతో కొరికాడు, నేను భయంతో పొడిచాను. ఇద్దరం పారిపోయాం. అదే నా యుద్ధం."

కోరయ్య మొదటి వరసకేసి చూశాడు.

"మొదటి వరసలో వెళ్ళింది మా అన్న. వాడు తిరిగి రాలేదు. ఇన్నేళ్ళలో ఒక్క ఏడు కూడా ఈ బండమీద వాడి మాట ఎత్తలేదు. ఎత్తితే ఎవరూ చప్పట్లు కొట్టరని ఎత్తలేదు. నాకు సిగ్గుగా ఉంది." కోరయ్య బండ దిగిపోయాడు.

చారమ్మ వరసలోంచి ముందుకొచ్చింది. "అయితే తాతా, ఇన్నాళ్ళూ నేను ఎవర్ని చూసి పొంగిపోయాను?" అంది.

సూదయ్య దగ్గాడు. "సాక్షి ఏమంటారు?"

"అవునండీ, నేనే కొరికాను. ఏమాత్రం రుచి లేదు," అన్నాడు గుబురయ్య.

"రాసుకున్నాను. చారమ్మ పేరు సైన్యంలోంచి తీసేశాం. దాంతోపాటు కోరయ్యగారికి బుట్టెడు దుంపలూ, రాజుగారి పక్క చోటూ రద్దు."

అప్పుడు తుమ్మన్న ముందుకొచ్చాడు. "ఒరే గుబురయ్యా, మీవైపు నా తోక కొరికిన కుంటి గుంటనక్క ఒకతి ఉండాలి. బతికుందా?"

"ఉంది. లంక మీద కూర్చుని ఉంది. మా ముసలాళ్ళు పదిమంది నా వెనకే వచ్చారు. వాళ్ళకీ సాక్షులు కావాలట."

ఆ రోజు ఏట్లో జరిగిన తమాషా చూసి తీరాలర్రా! ఇవతలి ముసలాళ్ళు అవతలికి, అవతలి ముసలాళ్ళు ఇవతలికి. "నా కొమ్ము విరిచింది నువ్వేనా అమ్మా?" "నేను కాదు నాయనా, మా వదిన." తుమ్మన్న తోక కొరికింది గుంటనక్క కాదని తేలింది. వానలో కనపడక తన పక్కన నిలబడ్డ తోడేలే కొరికేశాడట. "సొంతవాడు కొరికితే చెల్లుతుందా?" అని తుమ్మన్న బిక్కమొహం వేశాడు. "గాయం చేసినవాడు ఒప్పుకోవాలన్నారు గానీ, ఎటువైపువాడో చట్టంలో లేదు," అని సూదయ్య రాసేసుకున్నాడు. రాసి రాసి పొద్దు తిరిగేసరికి ఆయన వీపు సగం బోడి అయింది.

మొదటి వరస ఖాళీ. రెండో వరస ఖాళీ. మూడో వరస కూడా ఖాళీ. ఆ అడవిలో గాయం లేని ఇల్లంటూ లేదు మరి!

"ప్రభూ, ఒక్క ఇల్లు మిగిలింది," అన్నాడు సూదయ్య.

"హమ్మయ్య! గాయం లేని ఇల్లైతే వాళ్ళే వెళ్ళాలి. మొదటి వరసలో నిలబెట్టు!" అన్నాడు రాజు.

"తమరిదే ప్రభూ."

గర్జనరాయుడు తన ఒళ్ళంతా చూసుకున్నాడు. నున్నగా, నిగనిగలాడుతూ, ఒక్క గీత లేదు. ఏటికేసి చూశాడు. అవతలి ఒడ్డుకేసి చూశాడు. జంతువులన్నీ తనకేసే చూస్తున్నాయి.

"మనం కాస్త తొందరపడుతున్నామేమో," అన్నాడు మెల్లగా. "ముందా చెరువు పూడిక సంగతి చూద్దాం."

మర్నాడు కోరయ్య అవతలి బండ దగ్గరికెళ్ళి తన మాట నిలబెట్టుకున్నాడు. అక్కడా అదే తంతు. అక్కడి రాజుగారికి కూడా హఠాత్తుగా ఇప్పచెట్లు గుర్తొచ్చాయి.

చెరువు పని మొదలైంది. రాజు మొదటి రోజు వచ్చి ఒక్క గంప మట్టి ఎత్తి, రెండు పూటలు మాట్లాడి వెళ్ళాడు. మిగతా మట్టి అందరూ ఎత్తారు. కోరయ్య కూడా ముట్టెతో బురద తవ్వాడు. పిల్లకాయలు ఆయన చుట్టూ చేరి, "తాతా, ఇవాళ ఎంతమంది ఎలుగుల్ని చంపావు?" అని ఏడిపించేవారు. ఆయన పల్లెత్తు మాట అనేవాడు కాదు. వాళ్ళు వెక్కిరిస్తే ఓర్చుకున్నాడు గానీ, చారమ్మ మాట్లాడకపోతే ఓర్చుకోలేకపోయాడు. మూడు రోజులు ఆ పిల్ల తాత మొహం చూడలేదు.

నాలుగో రోజు వచ్చి పక్కన తవ్వడం మొదలుపెట్టింది. చాలాసేపటికి నోరు విప్పింది.

"తాతా, ఆ తొర్రలో నీకు భయం వేసిందా?"

"చచ్చేంత వేసిందమ్మా."

"ఆ రోజు వరసలో నిలబడ్డప్పుడు నాకూ వేసింది. నీ మనవరాల్ని కదా అని ఎవరికీ చెప్పలేదు. అందుకే అంత గట్టిగా అరిచాను."

కోరయ్య బురదలోనే చతికిలబడి ఆ పిల్లని దగ్గరికి లాక్కున్నాడు.

"మీ అన్న పేరేమిటి తాతా?" అంది చారమ్మ.

"నల్లన్న," అన్నాడు కోరయ్య. ఇన్నేళ్ళలో ఆయన ఆ పేరు పైకి అనడం అదే మొదటిసారి. "ఈత బాగా వచ్చు వాడికి. నేరేడు పళ్ళంటే పడి చచ్చేవాడు." చారమ్మ తవ్వడం ఆపి కూర్చుంది. కోరయ్య ఇంకా చెప్పాడు. ఈసారి ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పలేదు.

నీతి: యుద్ధం గొప్పదని ఎవడైనా చెబితే ముందు వాడి ఒంటిమీద గాయముందేమో చూడండి. ఉంటే, ఆ గాయం చేసినవాణ్ని కూడా ఒక మాట అడగండి.